దుబాయ్ హోటళ్లలో రంజాన్ సాయంత్రాలు: ఇఫ్తార్, సుహూర్ విందుల తీరు

కొడుకో కూతురో దుబాయ్‌లోనో అబుదాబీలోనో ఉద్యోగం చేస్తున్న కుటుంబాలు మనలో చాలానే ఉన్నాయి. పిల్లల్ని చూడడానికి వెళ్లిన పెద్దలకు అక్కడ రంజాన్ నెల తటస్థపడితే, ఏదో ఒక సాయంత్రం పెద్ద హోటల్లో ఇఫ్తార్‌కు పిలుపు వస్తుంది. ముస్లిమేతరులు కూడా వెళ్లవచ్చా, ఎప్పుడు తినాలి, ఎలా మెలగాలి అన్న సందేహాలు సహజం. వెళ్లవచ్చు. కాకపోతే కొన్ని సంగతులు ముందే తెలిసి ఉండడం మంచిది.

వేళ సంగతి

ఇఫ్తార్ అంటే సూర్యాస్తమయం కాగానే ఉపవాసం విడిచే భోజనం. తెల్లవారక ముందు తీసుకునే ఆహారం సుహూర్. మన వైపు దీన్నే సహరీ అంటారు. ఇస్లామీ పంచాంగం చంద్రమానం కాబట్టి, మనకున్నట్టు అధిక మాసం లేదు కాబట్టి, రంజాన్ ఏటా సుమారు 11 రోజులు ముందుకు జరుగుతుంది. 2015లో జూన్‌లో మొదలైన నెల 2025లో మార్చి 1న మొదలైంది. 2030లో జనవరిలో ఒకసారి, డిసెంబరులో మరోసారి వస్తుంది. అందుకే ఇఫ్తార్ వేళ ఏటా మారుతుంది.

దుబాయ్‌లో పోలీసులు ఫిరంగి పేల్చి ఆ వేళను చాటే ఆచారం ఇప్పటికీ ఉంది. బుర్జ్ ఖలీఫాది మరో విచిత్రం. పై అంతస్తుల్లో ఉన్నవారికి సూర్యుడు ఇంకాసేపు కనిపిస్తాడు. అందుకని 80వ అంతస్తు దాటినవారు 2 నిమిషాలు, 150 దాటినవారు 3 నిమిషాలు ఆగి ఉపవాసం విడవాలని 2011లో అక్కడి మతపెద్దలు సూచించారు.

గుడారంలో విందు

పెద్ద హోటళ్లు ఈ నెల కోసం ప్రత్యేకంగా గుడారాలు వేస్తాయి, లేదా విందు హాళ్లను గుడారాల్లా అలంకరిస్తాయి. పామ్ దీవిలోని అట్లాంటిస్ హోటల్ వేసే అసాతీర్ గుడారం వీటిలో పేరున్నది. తలకు ఇంత అని ధర పెట్టి బఫే వడ్డిస్తారు. మామూలు రోజుల్లో అతిథులు ఒకరి తర్వాత ఒకరు వస్తారు. ఇఫ్తార్‌కు అలా కాదు, వందల మంది ఒకే నిమిషంలో తినడం మొదలుపెడతారు. అందుకే ఖర్జూరాలు, నీళ్లు, మజ్జిగలాంటి లబన్ ముందే బల్లల మీద సిద్ధంగా ఉంచుతారు. అజాన్ వినిపించగానే ఖర్జూరంతో ఉపవాసం విడిచి, చాలామంది మగ్రిబ్ నమాజుకు వెళ్లొచ్చి అసలు భోజనానికి కూర్చుంటారు.

మొదట పప్పు శోర్బా, ఫత్తూష్ సలాడ్, హమ్మస్. తర్వాత అన్నం మీద పొట్టేలు మాంసం పరిచిన ఊజీ, మాంసం పులుసులో రొట్టె నానబెట్టిన థరీద్, గోధుమలూ మాంసమూ కలిపి గంటల తరబడి ఉడికించే హరీస్. తీపిలో ఖర్జూర పాకం పోసిన లుగైమాత్ ఉండలు, పాలూ పప్పులూ వేసిన ఉమ్ అలీ. తాగడానికి ఆప్రికాట్ పానీయం కమర్ అల్ దీన్ ఉంటుంది. ఇంగ్లండ్‌లో పుట్టి గల్ఫ్‌లో రంజాన్ పానీయమైపోయిన విమ్టో కూడా ఉంటుంది.

హరీస్ రుచి మనకు కొత్తది కాదు. నిజాం సైన్యంలో చేరిన యెమెన్ అరబ్బుల ద్వారా అది హైదరాబాద్ బార్కస్‌కు చేరింది. దక్కన్ మసాలాలు కలిసి హలీం అయింది. 2010లో భౌగోళిక గుర్తింపు కూడా పొందింది. తమిళనాట మసీదుల్లో పంచే నోన్బు కంజి ఎరిగిన వారికి ఇఫ్తార్ గిన్నె ఎంత సాదాగా ఉండగలదో కూడా తెలుసు.

సుహూర్ తీరు వేరు. రాత్రి పొద్దుపోయాక మొదలై తెల్లవారుజాము దాకా సాగుతుంది. హడావుడి ఉండదు. కావలసిన వంటకం చెప్పి తెప్పించుకుంటారు, మాటలూ ఆటలూ నడుస్తాయి.

వెళ్లేవారికి

- సూర్యాస్తమయానికి అరగంట ముందే చేరండి. ముందుగా బల్ల రిజర్వు చేసుకోండి.
- మీరు ఉపవాసం లేకపోయినా అజాన్ దాకా ఆగండి. మొదటి వరుస ఉపవాసం ఉన్నవారికి వదలండి.
- భుజాలు, మోకాళ్లు కప్పే దుస్తులు వేసుకోండి. చీర, పంజాబీ డ్రస్ చక్కగా సరిపోతాయి.
- శాకాహారులు శోర్బా మాంసం రసంతో చేశారేమో అడగండి. హరీస్ చూడ్డానికి గోధుమ జావలా ఉన్నా అందులో మాంసం ఉంటుంది.
- పగటిపూట తినే చోట్లకు తెరలు కట్టాల్సిన పని లేదని 2021లో దుబాయ్ ప్రభుత్వం చెప్పింది. అయినా ఉపవాసం ఉన్నవారి ఎదుట తినకపోవడం మర్యాద.

పళ్లెం వెనుక

ఉపవాసం ఆకలి విలువ తెలుసుకోవడానికి. నిండుగా కనిపించాల్సిన బఫేలో మాత్రం చాలా ఆహారం మిగిలిపోతుంది. దీన్ని గుర్తించే అక్కడ 2017లో యూఏఈ ఫుడ్ బ్యాంక్ పెట్టారు. 2030 నాటికి ఆహార వృథాను సగానికి తగ్గించాలన్న లక్ష్యంతో 2022లో నేమా అనే కార్యక్రమం మొదలైంది. చెయ్యి తగలని వంటకాలు అవసరమైన వారికి చేరుతున్నాయి. పళ్లెంలో వదిలేసింది మాత్రం ఎవరికీ చేరదు. కాబట్టి కొంచెం కొంచెంగా వడ్డించుకోండి.

మరో సంగతి. రంజాన్‌లో అక్కడి కార్మిక చట్టం రోజుకు 2 గంటల పని తగ్గిస్తుంది. కానీ హోటల్ పనివారికి అసలు రద్దీ మొదలయ్యేదే సూర్యుడు దిగాక. అందరి ముందూ ఖర్జూరాలు పెట్టిన మనిషి, తానూ ఉపవాసంలో ఉంటే, ఒక పండు నోట్లో వేసుకుని మళ్లీ ట్రే అందుకుంటాడు. కరీంనగర్, నిజామాబాద్, కడప, గోదావరి జిల్లాల నుంచి గల్ఫ్‌కు వెళ్లినవారు ఎందరో ఉన్నారు. మీకు వడ్డించే మనిషి తెలుగువాడే కావచ్చు. తెలుగులో ఒక్క పలకరింపుకు ఖర్చేమీ లేదు.

గుడారం ధర భారమనిపిస్తే చిన్నబుచ్చుకోనక్కర్లేదు. అబుదాబీలోని షేక్ జాయెద్ మసీదు రంజాన్‌లో రోజూ వేల మందికి ఉచితంగా ఇఫ్తార్ పెడుతుంది. హోటల్లోనైనా, మసీదు ఆవరణలోనైనా మొదలయ్యేది ఒక ఖర్జూరంతోనే.