దారి మార్చాలా, బరువు తగ్గించాలా?
దత్తమండలాలలో మన్రో దొర ఏడేళ్ల అనుభవం

చిలమత్తూరు మండలం శ్రీ సత్యసాయి జిల్లాకు దక్షిణపు అంచున, కర్ణాటక సరిహద్దును ఆనుకొని ఉంది. ఒకవైపు లేపాక్షి, హిందూపురం. మరొకవైపు బాగేపల్లి. ఎర్రనేల, గుట్టలు, వాన వస్తే నిండే చెరువులు, రాకపోతే ఎండే బావులు. ఉమ్మడి అనంతపురం జిల్లాలో ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన కురుస్తుందని మనం ఆఫీసు కాగితాలలో ఎన్నోసార్లు రాసి ఉంటాము. ఆ సగటు ఏ రైతు పొలంలోనూ సగటుగా పడదని కూడా మనకు తెలుసు. ఇటువంటి సీమలో ప్రజలకు పనికివచ్చే ఏ కార్యం తలపెట్టినా ఒకనాటికి అది మొరాయిస్తుంది. అప్పుడు పట్టు విడవకుండా సాగాలా, లేక పద్ధతి మార్చుకోవాలా అన్న ప్రశ్న తప్పక ఎదురవుతుంది.

ఈ ప్రశ్న మన సీమకు కొత్తది కాదు. రెండు వందల ఏళ్ల క్రితం శిస్తు విషయంలో ఇది వచ్చింది. అప్పుడు ఒక ఉద్యోగి ఒక జవాబు చెప్పాడు. ఆయన పైవారు దానికి భిన్నమైన జవాబు అమలు చేశారు. ఏది నిలిచిందో కాలం తేల్చింది. ఉద్యోగజీవితం గడిపి వచ్చిన మనకు ఈ చరిత్ర నెమరువేసుకోదగినది.

దత్తమండలాలు

1799లో శ్రీరంగపట్టణం పతనమై టిప్పు సుల్తాను మరణించాడు. టిప్పు రాజ్యం నుంచి తన వాటాకు వచ్చిన ప్రాంతాలను నిజాం 1800 అక్టోబరు ఒడంబడికతో ఈస్టిండియా కంపెనీకి వదులుకున్నాడు. తన రాజ్యంలో ఉంచుకున్న కంపెనీ సైన్యం ఖర్చు కింద ఇచ్చిన భూభాగం అది. అందుకే వీటికి దత్తమండలాలు అన్న పేరు వచ్చింది. 1928లో నంద్యాల సభలో చిలుకూరి నారాయణరావు గారు సూచించిన 'రాయలసీమ' పేరు ఆ పాత పేరును మరపించింది.

కంపెనీ చేతికి వచ్చేనాటికి ఈ సీమ చితికిపోయి ఉంది. విజయనగరం పడిపోయిన తర్వాత బీజాపూరు, మరాఠా, మైసూరు, నిజాం సేనలు ఒకదాని వెనుక ఒకటి తొక్కిన నేల ఇది. ఊళ్ల మీద సుమారు ఎనభైమంది పాళెగాళ్ల పెత్తనం ఉండేది. ఎవరికి ఎంత కట్టాలో రైతుకు తెలియదు. ఎవరు కట్టారో, ఎవరు ఎగవేశారో సర్కారుకు తెలియదు.

ఈ సీమకు ప్రిన్సిపల్ కలెక్టరుగా వచ్చినవాడు థామస్ మన్రో. 1761లో గ్లాస్గోలో పుట్టి, 1780లో సైనికుడిగా మద్రాసులో దిగినవాడు. బారామహల్‌లో అలెగ్జాండర్ రీడ్ కింద ఏడేళ్లు శిస్తు పని నేర్చుకున్నాడు. ఆ తర్వాత కన్నడ తీరానికి పంపితే, అక్కడి పని, అక్కడి ఎడతెగని వానలు తనకు సరిపడలేదని బదిలీ అడిగి మరీ దత్తమండలాలకు వచ్చాడు. అంటే దారి మార్చుకోవడం ఆయనకు నామోషీ కాదు. అయితే ఇక్కడికి వచ్చాక ఏడేళ్లు కదలలేదు.

గొలుసు, తరం, జమాబందీ

అనంతపురం కేంద్రంగా పేరుకు కచేరీ ఉన్నా, మన్రో ఏడాదిలో ఎక్కువ కాలం డేరాలలోనే గడిపాడు. సిపాయిల కాపలా లేకుండానే ఊరూరా తిరిగాడు. కలెక్టరు దొర చావడి దగ్గర కూర్చుని రైతుతో నేరుగా మాట్లాడటం అప్పటి ప్రజలకు వింత.

1802లో పైమాషీ మొదలయింది. మొదట నలుగురు గుమాస్తాలు. పోనుపోను వారి సంఖ్య వంద దాకా పెరిగింది. కొలతకు 33 అడుగుల గొలుసు. దానితో నాలుగు పక్కలా కొలిచిన చదరం ఎకరంలో సరిగ్గా నలభయ్యో వంతు, అంటే గుంట. కొలత తర్వాత తరం కట్టడం. మెట్ట, మాగాణి, తోట అని విడదీసి, ఏ చేను ఏ తరమో ఊరి రెడ్డి, కరణం, రైతుల సమక్షంలో నిర్ణయించారు. దీని మీద ప్రతి ఏటా జమాబందీ. రైతుకు సర్కారుకు నడుమ మధ్యవర్తి ఉండడు. పట్టా రైతు పేరునే ఉంటుంది. చేతకాని చేను వదులుకోవచ్చు, కొత్తది పట్టవచ్చు. ఇదే రైతువారీ పద్ధతి. కరణీకాలు 1984లో రద్దయ్యాయి, తాలూకాలు 1985లో మండలాలయ్యాయి. అయినా సర్వే నంబరు, పట్టా, జమాబందీ అన్న మాటలు మనలో రెవెన్యూలో పనిచేసినవారి నాలుకల మీద ఇంకా చెరగలేదు.

లెక్కలలో ఈ పని గొప్పగా కనబడింది. 1800-01లో సుమారు 10 లక్షల వరహాలున్న శిస్తు 1806-07 నాటికి 15 లక్షలు దాటింది. పైవారు మెచ్చుకున్నారు. అయితే ఈ పెరుగుదలలో సేద్యం విస్తరించినందువల్ల వచ్చింది ఎంత ఉందో, రైతును పిండినందువల్ల వచ్చింది కూడా అంత ఉంది. తాలూకాకు ఇంత రావాలని ముందు పైనుంచి ఒక మొత్తం అనుకొని, తర్వాత దానిని చేలకు పంచడం వల్ల పంటలో సుమారు 45 శాతం సర్కారుకే పోయేది. యుద్ధాలలో మునిగిన కంపెనీకి డబ్బు కావాలి. మన్రో కంపెనీ సేవకుడే. ఆయన్ను మహాత్ముడిగా చూపడం చరిత్ర కాదు. పాళెగాళ్లను తొలగించడంలో ఆయన చూపిన కాఠిన్యాన్ని లండన్‌లోని డైరెక్టర్లే తప్పుపట్టారు.

1807 నాటి సలహా

ఏడేళ్ల చివర పని బరువు తెలియసాగింది. కరువు వచ్చిన ఏడు బకాయిలు నిలిచిపోయేవి. మంచి ఏడు వచ్చినా పాత బాకీకే సరిపోయేది. రైతు చేతిలో మిగులు లేదు. మిగులు లేనివాడు బావి తవ్వడు, ఎడ్లను మార్చడు. అప్పుడు మన్రో ముందు రెండు తేలిక దారులున్నాయి. ఒకటి, శిస్తు పెరిగిన కీర్తితో సెలవు మీద వెళ్లిపోవడం. రెండు, రైతువారీ కుదరదని చెప్పి జమీందారీని ఒప్పుకోవడం. మద్రాసు రాజధానిలో 1802 నుంచి శాశ్వత జమీందారీ గాలి వీస్తూనే ఉంది.

ఆయన ఈ రెండూ చేయలేదు. 1807 ఆగస్టులో సర్కారుకు రాసిన నివేదికలో, పద్ధతి మార్చవద్దు, భారం తగ్గించండి అని స్పష్టంగా సలహా ఇచ్చాడు. శిస్తులో నాలుగో వంతు తగ్గిస్తే సర్కారు వాటా పంటలో మూడో వంతుకు దిగుతుందని, అప్పుడే భూమికి విలువ వస్తుందని ఆయన లెక్క. తన ఏడేళ్ల పనిలో ఏది సరైనదో, ఏది బరువైనదో వేరు చేసి చెప్పడం ఇందులోని అసలు విషయం. తన పేరు మీద పెరిగిన ఆదాయాన్ని తానే తగ్గించమనడం ఏ ఉద్యోగికైనా ఎంత కష్టమో వేరే చెప్పనక్కరలేదు. ఆ అక్టోబరులోనే ఆయన సెలవు మీద స్వదేశానికి వెళ్లాడు.

బోర్డు చేసిన మార్పు

ఆయన వెళ్లిన తర్వాత రెవెన్యూ బోర్డు సరిగ్గా తలకిందులుగా చేసింది. రైతువారీలో పని ఎక్కువ, ప్రతి ఏటా లెక్కలు, ప్రతి రైతుతో తగవులు. కనుక పద్ధతే మార్చేశారు. ఊరిని మొత్తంగా గుత్తకిచ్చే ఏర్పాటు చేశారు. 1808-09 నుంచి మూడేళ్ల గుత్త, 1811-12 నుంచి పదేళ్ల గుత్త. శిస్తు బరువు మాత్రం పాత వసూళ్ల లెక్క మీదనే ఉంచారు.

ఫలితం ఊహించదగినదే. పోటీపడి ఎక్కువకు పాడిన గుత్తదారులు వాన తప్పిన ఏడు దివాలా తీశారు. గుత్త పట్టిన రెడ్లు కొందరు ఆస్తులు పోగొట్టుకున్నారు, కొందరు చెరసాల చూశారు. బతికి బట్టకట్టినవారు తమ భారాన్ని చిన్న రైతు మీదికి నెట్టారు. ఏడేళ్లు కష్టపడి కట్టిన చేను వారీ లెక్కలు మూలపడ్డాయి. ఇల్లు కురుస్తోందని కప్పు బాగుచేయక ఊరు మారినట్టయింది.

లండన్‌లో పార్లమెంటు విచారణల ముందు మన్రో తన అనుభవం చెప్పాడు. రైతువారీకి మళ్లాలన్న ఉత్తర్వులు డైరెక్టర్ల నుంచి వచ్చాయి, 1818 నాటికి మద్రాసు సర్కారు ఆ బాట పట్టింది. 1820లో మన్రోయే మద్రాసు గవర్నరయ్యాడు. పదేళ్ల గుత్తలు ముగిసే వేళకు దత్తమండలాలలో తాను పదమూడేళ్ల కింద అడిగిన తగ్గింపును తానే అమలు చేయించాడు. మెట్టకు, మాగాణికి నాలుగో వంతు, తోట భూములకు మూడో వంతు తగ్గింది.

అంతటితో సీమ కష్టాలు తీరాయని కాదు. 1876-78 నాటి మహాకరువులో ఇక్కడి జనం అసంఖ్యాకంగా రాలిపోయారు. ఏ శిస్తు పద్ధతీ వానను తేలేదు. కానీ రైతుకు పట్టా, చేనుకు లెక్క అన్న పునాది మాత్రం మిగిలింది.

పదవి వదిలే ముందు ఈ సీమను చివరిసారి చూడాలని వచ్చిన మన్రో 1827 జూలై 6న పత్తికొండలో కలరాతో మరణించాడు. గుత్తిలో ఖననం చేసి, 1831లో అవశేషాలను మద్రాసు కోటలోని చర్చికి తరలించారు. ఇక్కడివారు ఆయన పేరును తమ బిడ్డలకు 'మన్రోలప్ప' అని పెట్టుకున్నారు.

మనకు తెలిసేది

పని కష్టమైనప్పుడు మొండిగా సాగడమూ గొప్ప కాదు, వెంటనే వదిలేయడమూ తెలివి కాదు. ఆ కష్టం ఎక్కడ పుట్టిందో చూడాలి. పద్ధతిలో పుట్టిందా, దాని మీద మనం మోపిన బరువులో పుట్టిందా? బోర్డువారు కాగితం చూసి పద్ధతిలో ఉందనుకున్నారు. మన్రో చేలలో తిరిగి బరువులో ఉందని తెలుసుకున్నాడు. ఆ తేడాకు సీమ రైతు చెల్లించిన మూల్యం పదమూడేళ్లు.

ఇదే ప్రశ్నను ఈనాటి చిలమత్తూరు రైతు వేరుశనగ ముందు నిలబడి వేసుకుంటున్నాడు. కొందరు హిందూపురం పట్టుగూళ్ల మార్కెట్టును నమ్మి మల్బరీకి మళ్లారు. కొందరు బోరు మీద బోరు వేసి అప్పులపాలయ్యారు. అందరికీ పనికివచ్చే ఒకే జవాబు లేదు. సేద్యమే కుదరనిదా, లేక ఆ నేల మోయలేని పంటను, నీటిని, అప్పును మనం అడుగుతున్నామా అని మాత్రం ప్రతివారూ తమ చేనుకు తాము చూసుకోవలసిందే.

మన దగ్గరకు సలహాకు వచ్చే పిల్లలు, ఉద్యోగంలో ఉన్న చిన్నవారు కూడా ఇదే అడుగుతుంటారు. 'ఉండమంటారా, మానేయమంటారా?' అని. మనం అవునో కాదో చెప్పేముందు, 'నీ పనిలో ఏది బరువుగా ఉంది నాయనా?' అని అడిగి, వాళ్లు చెప్పేది పూర్తిగా వింటే మేలు. అనుభవం ఉన్నవారి నుంచి వాళ్లు ఆశించేది కూడా అదే.