ఆకాశం ఊడ్చిన ఆడపడుచు

మీరెప్పుడైనా ఆకాశాన్ని ఊడ్చారా? నవ్వకండి. ఇల్లూ వాకిలీ ఊడ్చుకొనేసరికే నడుము పట్టేస్తూంటే ఇంక ఆకాశం కూడానా అంటారు. కాని రెండువందల నలభై ఏళ్ల కిందట ఇంగ్లండులో ఒక ఆడపడుచు నిజంగా ఆ పనే చేసింది. అందుకోసం అన్నగారు చేసిచ్చిన టెలిస్కోపు పేరే స్వీపరు. మన భాషలో చీపురనుకోండి!

నేను బి.ఏ. దాన్ని. నక్షత్రాల సంగతి నాకేం తెలుసు? పెళ్లిలో పట్టపగలు పురోహితుడుగారు అరుంధతిని చూపించి “కనిపించిందామ్మా?” అంటే “ఆఁ” అనేసిన ఘటాన్ని. ఈ గొడవంతా నా నెత్తికెక్కించింది మా తమ్ముడి కొడుకు. వాడు నిరుడు బోలెడు డబ్బుపోసి ఓ పెద్ద టెలిస్కోపు కొన్నాడు. దాన్ని డాబా మీదికి మోసుకెళ్లి బిగించేసరికి గంట. అప్పటికి మబ్బు. నాలుగు రోజులయ్యాక అది బీరువా పక్కకి చేరింది. ఆ తరవాత దాని మీద తువ్వాళ్లు ఆరేయడం మొదలుపెట్టారు. ఈమధ్య వాడే ఓ చిన్న బైనాక్యులర్సు తెచ్చుకొని, పడక్కుర్చీ వేసుకొని, రోజూ భోజనం కాగానే డాబా ఎక్కుతున్నాడు. “పెద్దది కొన్నాక చూడ్డం మానేశాను, చిన్నది కొన్నాక అలవాటైందత్తయ్యా” అన్నాడు.

ఆ మాటకి నాకు కెరోలిన్ హెర్షెల్ గుర్తుకొచ్చింది.

కెరోలిన్ 1750లో జర్మనీలోని హానోవర్‌లో పుట్టింది. తండ్రి సైన్యంలో వాద్యగాడు. చిన్నతనంలో మశూచికం ముఖాన మచ్చలు మిగిల్చింది. పదేళ్లప్పుడు వచ్చిన విషజ్వరంతో ఎదుగుదలే ఆగిపోయింది. నాలుగడుగుల మూడంగుళాలు, అంతే మనిషి. ఈ పిల్లకి పెళ్లికాదని తేల్చేశారు. మేజోళ్లు అల్లడం, వంట, చాకిరీ చాలునంది తల్లి. ఇంగ్లండులో సంగీతం మేష్టరుగా స్థిరపడ్డ అన్న విలియం 1772లో వచ్చి చెల్లెల్ని తీసుకుపోతానంటే, బదులు పనిమనిషిని పెట్టుకొనేందుకు ఏటేటా డబ్బు పంపుతానని ఒప్పుకొన్నాకగాని ఆవిడ వదల్లేదు. చూశారా కూతురి ఖరీదు!

బాత్ నగరంలో అన్నగారు ఆమెకి పాట నేర్పాడు. కచేరీల్లో ముఖ్యగాయనిగా పాడింది కూడా. కాని ఆయనగారికి నక్షత్రాల పిచ్చి పట్టుకొంది. ఇల్లంతా కార్ఖానా అయిపోయింది. అద్దాలు పోతపోయడానికి మూసకి గుర్రపు పేడ కావాలి. దాన్ని దంచి జల్లించింది కెరోలినే. ఒకసారి ఆయన పదహారు గంటలపాటు అద్దం మీంచి చెయ్యి తీయకుండా మెరుగు పెడుతుంటే, పసిపిల్లాడికి పెట్టినట్టు ముద్దలు నోటికందించింది. 1781 మార్చి 13న ఆయన యురేనస్‌ని కనిపెట్టాడు. రాజుగారు ఏడాదికి 200 పౌండ్లు ఇచ్చి విండ్సర్ దగ్గరికి రమ్మన్నారు. అన్నగారు సంగీతం వదిలేశాడు. దాంతో చెల్లెలి పాటా పోయింది. ఆమెనెవరూ అడగలేదు.

ఇంత చేసిన చెల్లెలికి ఏదో వ్యాపకం ఉండాలిగదా అని, 1782 ఆగస్టులో ఓ చిన్న గొట్టం చేతికిచ్చి తోకచుక్కల్ని వెతకమన్నాడు. ఆగస్టు 22న ఆమె పుస్తకం తెరిచి రాయడం మొదలుపెట్టింది. ఇష్టంతో కాదు సుమండీ! మంచులో తడిసిన గడ్డిమీద, చీకట్లో, కేకేస్తే పలికే నాథుడు లేకుండా రాత్రులు గడపడానికి మొదట్లో మనసొప్పలేదని తనే రాసుకొంది. 

మర్నాటి ఏడు అన్నగారు స్వీపరు చేసిచ్చాడు. నాలుగంగుళాల అద్దం, రెండడుగుల పైచిలుకు పొడవు. ఆయన ఇరవై అడుగుల టెలిస్కోపు ముందు అది పిల్లల ఆటవస్తువే. కాని తమాషా చూడండి. ఆ పెద్దదాంట్లో కన్ను పెడితే నిండు చంద్రుడిలో సగమే పడుతుంది. ఈ చిన్నదాంట్లో నలుగురు చంద్రుల్ని పక్కపక్కన పేర్చినంత మేర కనిపిస్తుంది. కదపడం సుళువు. ఇంకొకరి సాయం అక్కర్లేదు. గొట్టాన్ని దిగంతం నించి నడినెత్తి దాకా ఎత్తడం, దించడం, కాస్త పక్కకి జరపడం, మళ్లీ ఎత్తడం. అచ్చంగా గది ఊడ్చినట్టే! మూల వదిలేస్తే చెత్త అక్కడే ఉంటుందని మనకి తెలియదూ?

ఆ మూలే ఆమెకి ఫలించింది. వెతకమన్న తోకచుక్క దొరకలేదుగాని, 1783 సెప్టెంబరు 23న, ఇంగ్లండు నించి చూస్తే నేలకి ఆనినట్టుండే దక్షిణాకాశంలో, ఎవరి జాబితాలోనూ లేని మసక మచ్చ ఒకటి కంటపడింది. ఈనాడు దాన్ని పెద్ద గెలాక్సీగా గుర్తిస్తున్నాం. అలాంటివి మరికొన్ని కూడా పట్టింది. ఆటవస్తువుతో చెల్లెలికే ఇన్ని దొరికితే నా పెద్దదానితో ఎన్ని దొరకాలి అని అన్నగారికి తోచిందనీ, ఆయన నీహారికల వేట అక్కడే మొదలైందనీ మైకేల్ హాస్కిన్ అనే చరిత్రకారుడు అంటాడు. ఆ అక్టోబరులో ఆయనా ఊడ్వడం మొదలుపెట్టాడు. ఇరవై ఏళ్లలో 2,500 పోగుచేశాడు.

ఫలితం? ఆయన మెట్లెక్కి చూసి చెబుతుంటే రాసే మనిషి కావాలి. ఎవరుంటారు? కెరోలిన్ తన చీపురు మూలనపెట్టి దీపం ముందు కూచుంది. ఆ డిసెంబరు 31 రాత్రి, మంచులో పరుగెత్తుతూ ఇనుపకొక్కెం మీద పడి, మోకాలి పైన కండ ఊడొచ్చినా ఆ పని మానలేదు. అన్నగారు ఊళ్లో లేని రాత్రులే ఆమెవి.

1786 వేసవిలో ఆయన జర్మనీ వెళ్లాడు. కెరోలిన్ స్వీపరు తుడిచి పెట్టుకొంది. ఆగస్టు 1 రాత్రి ఏదో కదిలినట్టనుమానం. మర్నాడు అర్ధరాత్రి దాటాక మబ్బు విడితే నిర్ధారణ అయింది. తోకచుక్క! తెలిసిన పండితులకి ఉత్తరాలు రాసింది. 1787లో రాజుగారు ఏడాదికి 50 పౌండ్ల జీతం ఇచ్చారు. మొదటి మూడునెలల వాయిదా పన్నెండున్నర పౌండ్లు అందుకొన్నప్పుడు, తన ఇష్టప్రకారం ఖర్చు పెట్టుకోదగ్గ డబ్బు జీవితంలో ఇదే మొదలని రాసుకొంది. అప్పటికామెకి ముప్ఫయ్యేడేళ్లు.

1788లో అన్నగారు పెళ్లిచేసుకొన్నాడు. తాళాలు వదినగారి చేతికెళ్లాయి. కెరోలిన్ వేరే గదులు తీసుకొని విడిగా ఉండాల్సివచ్చింది. ఆ తరవాతి పదేళ్ల దినచర్యని ఆమె నాశనం చేసేసింది. ఏ రాతల్ని చింపేస్తారో మనకి చెప్పనక్కర్లేదు. కాని లెక్క చూడండి. ఆమె కనిపెట్టిన తోకచుక్కలు ఎనిమిది. వాటిలో ఏడు ఆ పెళ్లి తరవాతవే! ఇంటిపెత్తనం పోయిందిగాని చీపురు పోలేదు.

1791లో ఇంకాస్త పెద్ద స్వీపరు వచ్చింది. 1793లో రాజాస్థాన ఖగోళవేత్త మాస్కెలిన్ వెళ్లి చూసి రాశాడు. గొట్టం ఎంత ఎత్తినా దించినా కన్ను పెట్టే ఎత్తు పెద్దగా మారదట. ఆరెనిమిది నిమిషాల్లో ఒక బారు ఊడ్చి రెండో బారుకి జరుగుతుందట. ఒక్క రాత్రిలో పావు ఆకాశం పూర్తి! 1797లో ఎనిమిదో తోకచుక్క కనిపిస్తే, గంటసేపు కునుకుతీసి, గుర్రమెక్కి ఆయనకి చెప్పడానికి గ్రీనిచ్‌కి వెళ్లింది. 1828లో రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ బంగారు పతకం ఇచ్చింది. మళ్లీ అది ఒక స్త్రీకి దక్కింది 1996లో, వెరా రూబిన్‌కి. కెరోలిన్ తొంభయ్యేడేళ్లు బతికి 1848లో పోయింది.

తీరిక దొరికాక పెద్ద నవల రాస్తానని పదేళ్లుగా అంటున్నాను. నా దగ్గర మంచి బల్ల ఉంది. దాని మీద ఇస్త్రీబట్టలున్నాయి. రాసిందంతా మాత్రం ఒళ్లో అట్ట పెట్టుకొని, కుక్కరు కూతల మధ్యనే. ఆడవాళ్ల కాలం ముక్కలు ముక్కలుగా దొరుకుతుంది. ఆ ముక్కలో ఇట్టే చేతికొచ్చే పనిముట్టే అలవాటు చేస్తుంది.

మొన్నరాత్రి వంటిల్లు సర్దుకొని మేనల్లుడి కుర్చీలో కూచున్నాను. మెల్లగా, ఒక బారు తరవాత ఒక బారు, తూర్పంతా ఊడ్చాను. ఏమీ దొరకలేదు. దొరకదు మరి. కెరోలిన్‌కి మాత్రం మొదటి నాలుగేళ్లూ తోకచుక్క దొరికిందా ఏం?