ముందు చక్రం స్టడ్ విరిగితే: ఇంటి దగ్గర మార్చుకునే పద్ధతి, షెడ్డుకే వెళ్లాల్సిన సందర్భాలు

ఉద్దానం పల్లెల్లో పాత కారు ఒకటి ఉందంటే అది ఆ ఒక్క ఇంటికే పరిమితం కాదు. జీడిపిక్కల బస్తాలు కాశీబుగ్గకు చేర్చాలన్నా, తోటకు ఎరువు తేవాలన్నా, కిడ్నీ జబ్బు ఉన్నవారిని డయాలసిస్‌కు తీసుకెళ్లాలన్నా వీధిలో అందరూ అడిగేది ఆ కారునే. పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి 2023 డిసెంబరులో ప్రారంభమయ్యాయి. డయాలసిస్ వారానికి రెండు మూడు సార్లు తప్పదు కాబట్టి ఇంటి బండి మీద ఆధారపడేవారు చాలామంది ఉన్నారు. అలాంటి బండికి ముందు చక్రం ఊడితే ఏమవుతుందో చెప్పనక్కరలేదు. హైవే మీద అయితే మరీ ప్రమాదం.

చక్రం ఒక్కసారిగా ఊడదు. ముందుగా ఒక స్టడ్ విరుగుతుంది, లేదా మర పోతుంది. "ఇంకా మూడు ఉన్నాయి కదా" అని నడిపేస్తారు. ప్రమాదం మొదలయ్యేది అక్కడే.

స్టడ్ చేసే పని

హబ్‌లోంచి బయటికి పొడుచుకు వచ్చిన మరల కడ్డీయే స్టడ్. దాని మీద రిమ్ము కూర్చుంటుంది, పైన నట్టు బిగిస్తాం. బండి బరువును స్టడ్‌లే నేరుగా మోస్తాయని చాలామంది అనుకుంటారు. నిజానికి నట్టు బిగించినప్పుడు స్టడ్ రబ్బరులా కాస్త సాగి, రిమ్మును హబ్‌కు గట్టిగా అదిమి పడుతుంది. ఆ పట్టు వల్లే చక్రం కదలకుండా ఉంటుంది. నట్టు వదులైతే పట్టు పోతుంది, చక్రం తిరిగే ప్రతిసారీ స్టడ్ కొద్దికొద్దిగా అటూ ఇటూ వంగుతుంది. ఇనుప తీగను చేత్తో పదేపదే వంచితే తెగినట్టే అదీ తెగుతుంది. ఒకటి తెగాక మిగతావాటి మీద భారం పెరుగుతుంది. వాటిలోనూ కంటికి కనబడని పగుళ్లు ఉండొచ్చు. అందుకే నాలుగు స్టడ్‌ల కారులో ఒకటి విరిగితే ఆ చక్రానికి నాలుగూ మార్చడమే మంచిది. ఐదు ఉన్నచోట ఒకటి విరిగితే కనీసం దాని పక్కన రెండువైపులా ఉన్నవి, రెండు విరిగితే ఐదూ మార్చాలి. టైరు ధరతో పోలిస్తే వీటి ఖర్చు ఏపాటిది?

మన ప్రాంతంలో ఎందుకు ఎక్కువ చెడిపోతాయి

కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు మండలాల్లో సముద్రపు గాలి ఉప్పుతో ఉంటుంది. చెట్ల కింద నిలిపిన బండికి స్టడ్‌ల మరల్లో తుప్పు చేరుతుంది. తోట దారుల ఇసుక రిమ్ముకూ హబ్‌కూ మధ్య ఇరుక్కుంటే, నట్టు గట్టిగా బిగిసినట్టే అనిపించి నాలుగు రోజుల్లో వదులవుతుంది. రిమ్ము వెనుక వైపు మందంగా వేసిన రంగు వల్ల కూడా ఇదే జరుగుతుంది.

వీటికంటే ఎక్కువ చెడుపు చేసేది అతిగా బిగించడం. 70 కిలోల మనిషి 30 సెంటీమీటర్ల వీల్ స్పానర్ చివర ఎక్కి నిలబడితే నట్టు మీద పడే బిగువు 200 న్యూటన్ మీటర్లు దాటుతుంది. చాలా చిన్న కార్లకు కావలసింది 85 నుంచి 110 మధ్యే. పంచరు షాపులో ఎయిర్ గన్‌తో చివరిదాకా బిగించినా అంతే. అక్కడే స్టడ్ సాగి, మర పాడవుతుంది, తర్వాత ఎప్పుడో విరుగుతుంది. గన్‌తో కొంతవరకే తిప్పించి, చివరి బిగువు చేత్తో వేయమని అడగండి. అడగడానికి మొహమాటం అక్కరలేదు.

మరో తప్పు ఒక కంపెనీ నట్టు ఇంకో కంపెనీ స్టడ్‌కు ఎక్కించడం. మారుతి సుజుకి కార్ల స్టడ్ 12 మిల్లీమీటర్లు, మర పిచ్ 1.25. హ్యుందాయ్, హోండా కార్లలోనూ సాధారణంగా 12 మిల్లీమీటర్లే, కానీ పిచ్ 1.5. చూడటానికి రెండూ ఒకేలా ఉంటాయి. రెండు చుట్లు ఎక్కి బిగుసుకుపోతుంది, ఆపైన స్పానర్‌తో తిప్పితే రెండు మరలూ నాశనం. నట్టు కింది వాలు కూడా రిమ్ముకు సరిపోవాలి. చాలా కార్లకు శంఖు ఆకారం, హోండాకు గుండ్రటి ఆకారం, కొన్ని అల్లాయ్ రిమ్ములకు బల్లపరుపు వాషర్ ఉన్న నట్టు. వోక్స్‌వ్యాగన్, స్కోడా కార్లలో స్టడ్‌లే ఉండవు, బోల్టులు నేరుగా హబ్‌లోకి ఎక్కుతాయి. అలాంటి కార్లకు ఈ వ్యాసంలోని పద్ధతి వర్తించదు.

గుర్తించడం ఎలా

నట్టు చుట్టూ రిమ్ము మీద తుప్పు చారలు దిగడం, మెల్లగా పోతున్నప్పుడు చక్రం దగ్గర టక్ టక్ మని శబ్దం, స్టీరింగు వణకడం, రిమ్ము రంధ్రం గుండ్రంగా కాకుండా సాగి ఉండటం. ఇవి చూస్తే బండి ఆపాలి. రంధ్రం సాగిన రిమ్మును మళ్లీ వాడకూడదు, కొత్త స్టడ్‌ను కూడా అది తినేస్తుంది. నట్టు తిప్పితే దానితో పాటు స్టడ్ కూడా తిరుగుతుంటే హబ్‌లో పట్టు పోయినట్టు. అప్పుడు హబ్ రంధ్రం కూడా అరిగి ఉండొచ్చు, మెకానిక్‌కు చూపించాలి.

దారిలో ఒకటి విరిగితే మనుషులను, బస్తాలను దించేసి, మిగతా నట్లు చూసి బిగించి, నెమ్మదిగా దగ్గరలోని షెడ్డు వరకే వెళ్లాలి. రెండు విరిగితే బండి కదపకూడదు. 80 కిలోల పిక్కల బస్తాలు నాలుగైదు డిక్కీలో ఉండగా "ఊరు దగ్గరే కదా" అనుకోవడం పెద్ద తప్పు.

మొదలుపెట్టే ముందు

పాత స్టడ్ ఒకటి బయటికి తీసి చేతిలో పట్టుకుని దుకాణానికి వెళ్లడమే నమ్మకమైన పద్ధతి. పొడవు, మర పిచ్, తల దగ్గరున్న పళ్ల భాగం మందం మూడూ సరిపోవాలి. ఆ పళ్లు హబ్ రంధ్రంలో కొరుక్కుని కూర్చుంటాయి కాబట్టి మందం కొంచెం తక్కువైనా స్టడ్ తిరిగిపోతుంది. దుకాణంలో వెర్నియర్‌తో కొలిపించండి. మామూలు ఇనుప సామాన్ల షాపులో దొరికే బోల్టును కోసి వాడటం, విరిగినదానికి వెల్డింగ్ చేయించడం వద్దు. వీల్ స్టడ్‌ను ప్రత్యేకంగా వేడిచేసి గట్టిపరుస్తారు. వెల్డింగ్ వేడికి ఆ గట్టిదనం పోయి, అతుకు పక్కనే పెళుసుగా విరుగుతుంది.

ఇసుక నేల మీద జాకీ దిగబడుతుంది. పిక్కలు ఆరబెట్టే సిమెంటు కళ్లం ఉంటే అక్కడ చేయండి. లేకపోతే జాకీ కింద మందమైన చెక్క పలక వేయాలి. వెనుక చక్రాలకు రెండువైపులా అడ్డు పెట్టి, హ్యాండ్ బ్రేకు వేయాలి. బండి లేచాక కింద స్టాండు గానీ గట్టి చెక్క దిమ్మ గానీ పెట్టాకే చేయి లోపల పెట్టాలి. ఇటుకలు, సిమెంటు దిమ్మలు బరువుకు ఒక్కసారిగా పగిలిపోతాయి, అవి వద్దు.

విప్పడం

చక్రం నేల మీద ఉండగానే నట్లు అరచుట్టు వదులు చేసి, తర్వాత జాకీ ఎత్తాలి. చక్రం తీశాక బ్రేకు కాలిపర్ వెనుక రెండు బోల్టులు విప్పి, కాలిపర్‌ను తీగతో స్ప్రింగుకు వేలాడదీయండి. బ్రేకు గొట్టం మీద దాని బరువు పడకూడదు. ఈ దశలో ఎవరూ బ్రేకు తొక్కకుండా చూసుకోవాలి, పిల్లలు బండిలో ఎక్కితే దించేయండి. డిస్కు తుప్పుతో అతుక్కుంటే, చాలా డిస్కుల్లో ఉండే రెండు మర రంధ్రాల్లో బోల్టులు సమానంగా బిగిస్తే అదే బయటికి వస్తుంది.

ఇప్పుడు ఆగి హబ్ వెనుక చూడండి. హబ్‌ను చేత్తో తిప్పుతూ, స్టడ్ వెనక్కి పూర్తిగా జారి బయటికి రావడానికి ఎక్కడైనా ఖాళీ ఉందా అన్నది ముఖ్యం. కొన్ని కార్లలో ఒక పక్క పల్లం ఉంటుంది, అక్కడ పాతది బయటికి వస్తుంది, కొత్తది లోపలికి పోతుంది. ఖాళీ లేకపోతే, లేదా డిస్కు హబ్‌కు వెనుకవైపు బిగించి ఉంటే, ఇంటి దగ్గర పని అక్కడితో ఆపేయాలి. అలాంటివాటికి హబ్ ఊడదీసి ప్రెస్ మీద చేయాలి, చాలాసార్లు బేరింగు కూడా మార్చాల్సి వస్తుంది. ఖాళీ కోసం ఇనుమును గ్రైండర్‌తో కోసే సలహా ఎవరైనా ఇస్తే వినవద్దు.

ఖాళీ ఉంటే ముందురోజు రాత్రే స్టడ్ వెనుక భాగానికి తుప్పు వదిలించే నూనె పూసి ఉంచండి. పాత నట్టును స్టడ్ కొన వరకు ఎక్కించి, ఇత్తడి కడ్డీ ఆనించి సూటిగా కొట్టాలి. ఇక్కడ ఒక హెచ్చరిక: సుత్తి దెబ్బ స్టడ్ దగ్గర ఆగదు, బేరింగు గుండ్లకు తగులుతుంది. గట్టిగా పదేపదే కొడితే ఆ గుండ్ల దారిలో గుంటలు పడి, కొన్నాళ్లకు బండి హోరు మొదలవుతుంది. మూడు నాలుగు దెబ్బలకు కదలకపోతే కొట్టడం మానేసి, నొక్కే క్లాంపు ఉన్న షెడ్డుకు వెళ్లాలి. స్టడ్‌తో పోయేదానికి బేరింగు ఖర్చు నెత్తిన వేసుకోవద్దు.

కొత్తది కూర్చోబెట్టడం

హబ్ రంధ్రాన్ని వైరు బ్రష్‌తో శుభ్రం చేయాలి. వెనుక నుంచి కొత్త స్టడ్ పెట్టి, దాని పళ్లు రంధ్రంలో ఉన్న పాత గాట్లకు పట్టేలా సరిచేయండి. ముందువైపు నాలుగైదు మందపు వాషర్లు వేసి, వాటి మధ్య కొంచెం గ్రీజు రాసి, పాత నట్టును తలకిందులుగా, అంటే బల్లపరుపు వైపు వాషర్లకు ఆనేలా ఎక్కించాలి. పొడవు పిడి స్పానర్‌తో నెమ్మదిగా తిప్పితే స్టడ్ లోపలికి లాక్కుంటుంది. ఎయిర్ గన్ వద్దు. ఈ పనికి వాడిన నట్టు మళ్లీ చక్రానికి వాడకూడదు, దాని మర అలసిపోయి ఉంటుంది.

బిగువు ఒక్కసారిగా పెరిగినప్పుడు ఆపి, వెనుక వేలు పెట్టి చూడండి. స్టడ్ తల హబ్‌కు పూర్తిగా ఆని, చుట్టూ సందు లేకుండా ఉండాలి. కొందరు వాషర్లు లేకుండా నేరుగా చక్రం బిగించి, "అదే లాక్కుంటుంది" అంటారు. సగం కూర్చున్న స్టడ్ తర్వాత రోడ్డు మీద మిగతా సగం జరుగుతుంది, అప్పుడు నట్టు వదులవుతుంది.

హబ్ ముఖం, డిస్కు, రిమ్ము వెనుకభాగం మూడింటినీ బ్రష్‌తో గీకి తుడవాలి. కాలిపర్ బోల్టులు కంపెనీ చెప్పినంత బిగించాలి. బండి కదిపే ముందు బ్రేకు పెడల్ గట్టిపడేవరకు పలుసార్లు తొక్కాలి. ఇది మరిచిపోతే మొదటి మలుపులో బ్రేకు అందదు.

బిగువు కొలవడానికి వేలాడే కాటా

నట్లన్నీ ముందు చేత్తోనే కనీసం ఐదారు చుట్లు ఎక్కాలి. నాలుగు ఉంటే ఎదురెదురుగా, ఐదు ఉంటే నక్షత్రం గీసినట్టు ఒకటి వదిలి ఒకటి బిగించి, చక్రం నేలకు దించాక చివరి బిగువు వేయాలి. పాత జీపుల్లో కొన్నింటికి ఎడమవైపు చక్రాలకు ఎడమ మర ఉంటుంది, తిప్పే దిక్కు చూసుకోండి.

టార్క్ రెంచి అందరి దగ్గర ఉండదు. పిక్కలు, కొబ్బరి తూచే కొక్కెం కాటా చాలా ఇళ్లలో ఉంటుంది, 50 కిలోలది చాలు. నట్టు మధ్య నుంచి సరిగ్గా 30 సెంటీమీటర్ల దూరంలో స్పానర్ పిడికి కొక్కెం తగిలించి, పిడికి నిటారుగా నెమ్మదిగా లాగాలి. కాటా 29 కిలోలు చూపిస్తే బిగువు దాదాపు 85 న్యూటన్ మీటర్లు, 34 కిలోలు చూపిస్తే 100. పిడి 25 సెంటీమీటర్లే అయితే 100కు 41 కిలోలు లాగాలి. మీ బండికి ఎంత కావాలో కారు పుస్తకంలో ఉంటుంది, ఆ అంకే పాటించండి. వంకరగా లాగితే లెక్క తప్పుతుంది.

ఈ లెక్క పొడి మరకు మాత్రమే. తుప్పు పట్టకూడదని మరలకు గ్రీజు పూసే అలవాటు మన తీరంలో ఉంది. గ్రీజు ఉంటే అదే లాగుడుకు స్టడ్ మరింత సాగుతుంది. మరకూ, నట్టు కూర్చునే వాలుకూ గ్రీజు వద్దు. రిమ్ము మధ్య రంధ్రం ఆనే హబ్ అంచుకు పలుచగా రాయవచ్చు. తుప్పుకు మెరుగైన మందు ఏమిటంటే, బండిని తరచూ మంచినీటితో కడగడం, నట్లకు టోపీలు పెట్టడం, ఆరు నెలలకోసారి చక్రాలు విప్పి మరలు బ్రష్ చేసి మళ్లీ బిగించడం. జీడి కోతలకు ముందు ఒకసారి, వానలయ్యాక ఒకసారి చేస్తే గుర్తుంటుంది.

కొత్త స్టడ్‌లు వేసిన చక్రాన్ని 50 నుంచి 80 కిలోమీటర్లు నడిపాక, బండి చల్లబడిన తర్వాత మళ్లీ కాటాతో చూడాలి. పలాస నుంచి శ్రీకాకుళం వెళ్లేంత దూరం అనుకోండి. నట్టు ఏమాత్రం కదిలినా ఇంకో 50 కిలోమీటర్ల తర్వాత మూడోసారి చూడండి. అప్పుడు కూడా కదిలితే స్టడ్ పూర్తిగా కూర్చోలేదు, లేదా హబ్ రంధ్రం అరిగింది. బండిని ఆసుపత్రి ప్రయాణానికి పంపకుండా ముందు షెడ్డులో చూపించాలి. మీ బండికి సరిపోయే స్టడ్ ఒకటి, నట్లు రెండు డిక్కీలో స్టెప్నీ పక్కన గుడ్డలో చుట్టి ఉంచుకోండి. ఆదివారం రాత్రి అవి దుకాణంలో దొరకవు.