అమృతాంజనము, ఆంధ్రపత్రిక

ఇంగ్లండు దేశమునందు పత్రికలవలననే ప్రభువులైనవారు కొందరు కలరు. వారిలో ఆల్‌ఫ్రెడ్ హార్మ్స్‌వర్త్ మిక్కిలి ప్రసిద్ధుడు. ఆయన 1865లో డబ్లిన్ చెంత సామాన్య కుటుంబమున జన్మించెను. పాఠకుల ప్రశ్నలకు జవాబులిచ్చు చిన్న వారపత్రికను 1888లో స్థాపించి, 1896లో అరపెన్నీ వెలకు ‘డైలీ మెయిల్’ దినపత్రికను ఇంటింటికిని చేర్చెను. 1905లో నార్త్‌క్లిఫ్ ప్రభువయ్యెను. 1908లో ‘టైమ్స్’ పత్రికయే ఆయన వశమైనది.

ఆ 1908లోనే, సెప్టెంబరు 9వ తేదీన, బొంబాయి నగరమునుండి ఒక తెలుగు వారపత్రిక వెలువడెను. అదియే ఆంధ్రపత్రిక. దాని స్థాపకులైన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు మన కృష్ణాజిల్లావారు. పామర్రు చేరువనున్న ఎలకుర్రులో 1867లో జన్మించి, బందరులోను, పిదప మద్రాసు క్రైస్తవ కళాశాలలోను చదివి పట్టభద్రులైరి. ఆ రోజులలో పట్టము చేతికివచ్చినవాడు సర్కారు కొలువునకో, న్యాయవాద వృత్తికో పోవుట పరిపాటి. పంతులుగారు వ్యాపారమునకై కలకత్తాకును, అటుపిమ్మట బొంబాయికిని తరలిరి. 1893లో అమృతాంజనమును తయారుచేసి అమ్మసాగిరి. సంగీత సభలకు వచ్చినవారికి దానిని ఉచితముగ పంచిపెట్టి ప్రచారము చేసిరని చెప్పుదురు. తలనొప్పికి రాచుకొను ఆ పచ్చని లేపనమే తెలుగు పత్రికకు మూలధనమైనది.

అయితే ఆ సంవత్సరము పత్రిక పెట్టుటకు అనువైన సంవత్సరమా? ‘కేసరి’లో వ్రాసిన వ్యాసములకుగాను తిలక్ మహాశయునకు 1908 జులైలో ఆ బొంబాయిలోనే ఆరేండ్ల శిక్ష పడినది. ఇక్కడ మన బెజవాడలో ‘స్వరాజ్య’ పత్రిక నడపిన గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారిపై రాజద్రోహ నేరము మోపి, ఆయనను కారాగారమునకు పంపిరి. సంపాదకులను సంకెళ్లతో నడిపించుచున్న ఆ దినములలో, చేతిలో లాభసాటి వ్యాపారమున్న మనిషి దానిని పణముగా పెట్టి పత్రిక ప్రారంభించుట సామాన్య విషయము కాదు. ఆ హరిసర్వోత్తమరావుగారే తరువాత కొంతకాలము ఆంధ్రపత్రికకు సంపాదకత్వము వహించిరి.

పత్రికకు డబ్బెవరిది అను ప్రశ్న అంత తేలికైనది కాదు. ప్రభుత్వపు జీతము పుచ్చుకొని మాటలాడు మావంటివారికి అది కొంచెము ఇబ్బందికరమైన ప్రశ్నయే అనుట దాచనక్కరలేదు. నాడు తెలుగు పత్రికకు చందాదారులు కొలదిమంది, ప్రకటనలు అంతకంటె కొలది. బందరులో 1902లో పుట్టిన కృష్ణాపత్రికను 1907 మొదలు 1945 వరకు ముట్నూరి కృష్ణారావుగారు తమ కలపుబలముతోనే నిలబెట్టిరి. పంతులుగారికి కలముతోపాటు అంగడియు కలదు. 1914 ఏప్రిల్ 1న మద్రాసునుండి ఆంధ్రపత్రిక దినపత్రికగా వెలువడసాగినది. నాలుగు నెలలకే ఐరోపాలో యుద్ధము మొదలై, వార్తలకొరకు జనము ఎదురుచూచు కాలము వచ్చినది.

ఆ యుద్ధమే నార్త్‌క్లిఫ్ ప్రభువునకును పరీక్షయైనది. ఫిరంగి గుండ్ల కొరతకు యుద్ధమంత్రి కిచెనర్‌ను 1915లో ఆయన తప్పుపట్టగా, లండను షేర్ల విపణిలో ‘డైలీ మెయిల్’ ప్రతులను తగులబెట్టిరి. ఆయన వెనుదీయలేదు, ఆ ధైర్యమును మెచ్చుకొనవలసినదే. కాని 1918లో శత్రుదేశములలో ప్రచారము నడపు సర్కారు పదవిని ఆయనయే స్వీకరించెను. పంతులుగారు ఉప్పు సత్యాగ్రహమున పాల్గొని చెరసాలకేగి, అచట భగవద్గీతకు వ్యాఖ్య వ్రాసిరి. ఆయనకు జనులిచ్చిన బిరుదు ‘దేశోద్ధారక’. గాంధీజీ ఆయనను ‘విశ్వదాత’యనిరి.

దాతృత్వమనగా అడిగినవారికి రూపాయలిచ్చుట మాత్రమే కాదు. 1924 జనవరిలో ఆరంభించిన ‘భారతి’ మాసపత్రిక తెలుగు పండితులకును, కవులకును, చరిత్ర పరిశోధకులకును ఒక వేదికయైనది. శాసనము దొరికినను, తాళపత్రము దొరికినను, దానిపై వాదము జరుగవలసినచోటు ‘భారతి’యే. పెనుగంచిప్రోలులో జన్మించిన కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు ఆంధ్రవిజ్ఞానసర్వస్వమును మూడు సంపుటములవరకు తెచ్చి 1923లో దివంగతులు కాగా, ఆ భారమును పంతులుగారు తలకెత్తుకొనిరి. ఆంధ్ర గ్రంథమాల పేర చౌకవెలకు పుస్తకములు ముద్రించిరి. లాభమును ఆశించు ప్రచురణకర్త ముట్టని పనులివి.

ఇందులో ఒక లోపమును కలదని మేము తలంతుము. ఒక్కని ఔదార్యముపై నిలచిన పత్రికకు ఆ ఒక్కని ఆయుర్దాయమే హద్దగు ప్రమాదము కలదు. ఆ ప్రమాదము వెంటనే రాలేదు. మద్రాసులోని పంతులుగారి ‘శ్రీబాగ్’ గృహమున 1937 నవంబరు 16న కోస్తా, రాయలసీమ నాయకుల నడుమ ఒడంబడిక కుదిరినది. అటుపిమ్మట ఐదు నెలలైన గడువకుండ, 1938 ఏప్రిల్ 11న, ఆయన పరమపదించిరి. పత్రికాభారము అల్లుడు శివలెంక శంభుప్రసాద్‌గారిపై పడినది. ఆయన దానిని 1972లో తాము కన్నుమూయువరకు మోసిరి. ఆంధ్రపత్రిక 1991లో ఆగిపోయినది. అమృతాంజనము నేటికిని అంగళ్లలో దొరకుచున్నది.