ఖడ్గమునకుఁ గర్తృత్వము కలదా?

విజయదశమినాఁడు మా యోరుగంటి ప్రాంతమున జమ్మిచెట్టును బూజించి, జమ్మియాకును బంగారమని యొకరికొకరు పంచుకొనుట యాచారము. ఒకయేఁడు జమ్మి పట్టుకొని మాయింటికి వచ్చిన పాఠశాలా విద్యార్థులు కొందఱు నన్నొక ప్రశ్న యడిగిరి. విష్ణువు నందకము గొప్పదా, రావణుని చంద్రహాసము గొప్పదా? ఇవి పాశ్చాత్యకథలలోని మాటలాడు ఖడ్గములతోఁ బోరినచో నేది గెలుచును? వారు పక్షములు వహించి, యొక్కొక్క కత్తి గుణములను లెక్కించి, మార్కులు సైతము వేసికొని వచ్చియుండిరి. నవ్వి పంపివేయవచ్చును. కాని యాలోచింపఁగా నీ ప్రశ్న పిల్లలది మాత్రమే కాదనియు, మిక్కిలి ప్రాచీనమనియుఁ దోఁచినది. ఇందు వ్యాకరణమునకును ధర్మమునకును సంబంధించిన విషయ మొకటి యున్నది. దానిని బండితులయెదుట నుంచుటకే యీ వ్యాసము.

మన వాఙ్మయమున నీ తారతమ్యప్రశ్నను స్పష్టముగా నడిగినవాఁడు నకులుఁడు. శాంతిపర్వమున నతఁ డంపశయ్యపై నున్న భీష్ముని సమీపించి, లోకము ధనుస్సును శ్రేష్ఠాయుధ మనుచున్నను దనకు ఖడ్గమే మేలని తోఁచుచున్నదని చెప్పి, యది యెట్లు పుట్టినది, యెవ్వరికొఱకుఁ బుట్టినది యని యడిగెను. భీష్ముఁడు చెప్పిన కథ యిది. హిమవత్పర్వతమున బ్రహ్మ యజ్ఞము సేయుచుండ నగ్నినుండి యొక భూతము లేచెను. నల్లకలువ వన్నె, వాఁడికోఱలు, కృశించిన యుదరము, మిక్కిలి పొడవు గల యా భూతము పుట్టినతోడనే భూమి కంపించెను. బ్రహ్మ దానికి 'అసి' యని పేరిడెను. పిదప నది యా యాకృతిని విడిచి తళతళలాడు ఖడ్గమయ్యెను. అది రుద్రునకును, రుద్రునినుండి విష్ణువునకును, క్రమముగా మరీచికిని, మహర్షులకును, ఇంద్రునకును, లోకపాలురకును, మనువునకును జేరి, రాజపరంపరలో నడచి, తుదకు ద్రోణకృపులద్వారమునఁ బాండవుల కందెను. ఆ ఖడ్గమునకుఁ గృత్తిక నక్షత్రము, అగ్ని దైవతము, రోహిణి గోత్రము, రుద్రుఁడు గురువు. శ్రీగర్భము, విజయము మున్నగు నెనిమిది నామములు గలవు. నక్షత్రమును గోత్రమును గురువును గల వస్తువును జడమని యెట్లందుము?

అయినను భీష్ముఁ డాయుధములలో ఖడ్గ మగ్ర్యమని చెప్పి యూరకుండలేదు. లోకపాలురు దానిని మనువున కిచ్చునపు డొక నియమము చేసిరనెను. ధర్మమర్యాదను దాఁటినవారిని విభజించి దండింపవలెను, యదృచ్ఛగా దండింపరాదు. మందలింపు, ధనదండనము మొదలగునవియు ఖడ్గముయొక్క రూపములే. అల్పకారణమునకు నంగచ్ఛేదముగాని వధగాని తగదు. ఇచ్చట గమనింపవలసిన దొకటి. అగ్నినుండి ప్రాణముతోఁ బుట్టినది ఖడ్గము. ఆజ్ఞ వినినవాఁడు మనువు. ఖడ్గమును బిలిచి 'నీవు ధర్మము తప్పవల'దని యెవ్వరును జెప్పలేదు.

వైయాకరణుల కీ విషయము క్రొత్తది కాదు. 'దేవదత్తుఁడు ఖడ్గముచేత నఱకుచున్నాఁడు' అనుచో దేవదత్తుఁడు కర్త, ఖడ్గము కరణము. క్రియయందు స్వతంత్రముగా వివక్షింపఁబడినదే కర్త యని పాణిని మతము. మఱి 'ఖడ్గము చక్కఁగా నఱకుచున్నది' అను వాడుక గలదు. భట్టోజీదీక్షితులు సిద్ధాంతకౌముదిలోఁ గర్మకర్తృప్రక్రియయందుఁ జూపిన యుదాహరణములలో నిది యొకటి. కట్టెలు వండుచున్నవి, కుండ వండుచున్నది యనునవి దానితోడివి. పని మిక్కిలి సులభముగా జరుగుచున్నదని తెలుపఁదలఁచిన వక్త యసలు కర్త వ్యాపారమును వివక్షింపఁడు. అపుడు కరణము తన వ్యాపారమున స్వతంత్రమై కర్తృసంజ్ఞను బొందును. ఇది వివక్షచేఁ గలిగిన కర్తృత్వము. దేవదత్తుఁడు వాక్యమునుండి తొలఁగెనేకాని లోకమునుండి తొలఁగలేదు. అతని చేయి ఖడ్గముపిడిమీఁదనే యున్నది.

సంస్కృతమున లింగ మీ విషయమున మనకుఁ దోడ్పడదు. ఖడ్గాసినందకశబ్దములు పుంలింగములే, వృక్షశబ్దమును బుంలింగమే. తెలుఁగునం దట్లు గాదు. చిన్నయసూరి బాలవ్యాకరణమునందు స్త్రీలను, తిర్యక్కులను, జడములను దెలుపు పదములను విడిచి తక్కినవానినే మహత్తులుగాఁ బరిగణించెను. కావునఁ దత్సమమును దెలుఁగునఁ బ్రయోగించువాఁడు డుఙ్ఙు చేర్పవలెనా, మువర్ణకము చేర్పవలెనా యని నిర్ణయింపక తప్పదు. రాముఁడు, వృక్షము. చంద్రహాసశబ్దమును జూడుఁడు. అమరకోశమున నది ఖడ్గసామాన్యమునకుఁ బేరు. రామాయణమున రావణుని ఖడ్గమునకుఁ బేరు. పిల్లలమఱ్ఱి పినవీరభద్రుఁడు తెనిఁగించిన జైమినిభారతమున నొక రాజకుమారునకుఁ బేరు. రాజకుమారుఁడు చంద్రహాసుఁడు; కత్తి చంద్రహాసము. సంస్కృతము దాఁచిన భేదమును దెలుఁగు ప్రత్యయము బయటఁ బెట్టినది. ఖడ్గమునకుఁ గోపము, దాహము, విజయోత్సాహము నారోపించి వర్ణించునపుడు సైతము మనవారు మువర్ణకమును విడువలేదు. చైతన్య మిచ్చిరి, మహత్త్వ మీయలేదు.

ఇఁక విద్యార్థులడిగిన రెండు ఖడ్గములను బోల్తము. ఉత్తరకాండమున శివుఁడు రావణునకుఁ జంద్రహాసము నిచ్చుచు, దీని నవమానింపకుము, అవమానించితివేని యిది నిస్సంశయముగా నన్నే తిరిగి చేరునని హెచ్చరించెను. ఇది యిచ్ఛ గల ఖడ్గమువలెఁ దోఁచును. కాని యా యిచ్ఛ చంద్రహాసముదా, శివునిదా? తన యొడయనికడకు మరలిపోవుటయే దాని స్వాతంత్ర్యము. నందకశబ్దము సంతోషపెట్టు నను నర్థమున ణ్వుల్ప్రత్యయాంతము. కర్త్రర్థకప్రత్యయమే పేరిలో నున్నది. శ్రీవైష్ణవులు పేయాళ్వారును నందకాంశముగాఁ దలఁతురు. మన తాళ్లపాక యన్నమాచార్యుఁడును నందకాంశజుఁడని ప్రసిద్ధి. అతని మనుమఁడు చిన్నన్న ద్విపదగా రచించిన యన్నమాచార్యచరిత్రమున, సంతానార్థులై తిరుమల కేఁగిన నారాయణసూరి లక్కమాంబలకు స్వామి తన ఖడ్గము ననుగ్రహించినట్లు కథ. ఆ దంపతులకుఁ బుట్టి 1503లోఁ బరమపదించిన యా మహానుభావుఁడు జీవితకాలమెల్లఁ బట్టినది తంబుర. ఖడ్గము మహత్తు కావలసివచ్చినపుడు మనుష్యజన్మ మెత్తవలసివచ్చినది. ఎత్తినపిదప నఱకుట మాని పాడినది. 'నందకుఁడు' అనక 'నందకాంశజుఁడు' అనుటలోని యౌచిత్య మిదియే.

పాశ్చాత్యుల ఖడ్గములతోఁ బోల్చినచో భేద మింకను స్పష్టమగును. ఫిన్లండు దేశపు కాలేవాలా కావ్యముయొక్క 1849 నాఁటి పాఠమునఁ గుల్లెర్వో యనువాఁడు తన ఖడ్గము నడుగును, నీకుఁ బాపిరక్తము ద్రావ నిష్టమేనా యని. నిరపరాధుల రక్తమునే త్రావితినే, పాపిరక్తమునకేమి యని ఖడ్గము బదులు చెప్పును. వాఁడు దానిమీఁదఁ బడి చచ్చును. ఆంగ్లరచయిత మైకేల్ మూర్కాక్ 1961 నుండి ప్రకటించిన కథలలోని స్టార్మ్ బ్రింగర్ అను నల్లని ఖడ్గము చంపినవారి యాత్మలను ద్రావును. తనను ధరించిన ఎల్రిక్కునే కడపటఁ జంపును. ఈ రెండవ ఖడ్గమే మా విద్యార్థులకు మిక్కిలి ప్రియము. అది బలవత్తర మని నేనును నొప్పుకొందును. ఐనను, దానిని ధరించినవాఁడు తన చేఁతలలోఁ గొంతభాగమును ఖడ్గముమీఁదఁ ద్రోయుట కందుఁ జోటున్నది.

ఇచ్చట మనవారిలోనే పూర్వపక్ష మొకటి గలదు. అరణ్యకాండమున సీత రామునకొక కథ చెప్పెను. ఒక తపస్వి తపమును జెఱుపఁదలఁచి యింద్రుఁడు భటవేషమున వచ్చి, యొక ఖడ్గమును న్యాసముగా నుంచి పోయెను. తపస్వి న్యాసరక్షణార్థమై దాని నెల్లెడలకుఁ గొనిపోవుచుండెను. పండ్లకుఁ గందమూలములకుఁ బోయినను గత్తి తోడనే యుండెను. క్రమముగా నతని బుద్ధి క్రూరమై, తపము చెడి, యధర్మమునఁ బడి నరకమునకుఁ బోయెను. ఇందు ఖడ్గ మొక్కమాటయు నాడలేదు. ఐనను మనస్సును మార్చినది. కాఁబట్టి ఖడ్గము కర్తయే యనవచ్చునుగదా? ప్రయోజకుఁడును గర్తయే యని వ్యాకరణము. నిజమే. కాని యందుఁ బ్రయోజకుఁడు ఖడ్గమును దెచ్చియుంచిన యింద్రుఁడు. ప్రయోజకుఁ డున్నంతమాత్రమునఁ బ్రయోజ్యుని కర్తృత్వము లోపింపదు. నరకమునకుఁ బోయినవాఁడు తపస్వి, ఖడ్గము గాదు. శస్త్రసాంగత్యము నగ్నిసాంగత్యముతోఁ బోల్చిన సీత దోషమును శస్త్రమునందు వెదుకలేదు. ధరించువాని నెచ్చరించినది.

మన దేశచరిత్రమునఁ గత్తిపేరే బిరుదైన వీరుఁడు ఖడ్గతిక్కన. నెల్లూరి మనుమసిద్ధి సేనాని. కవి తిక్కనసోమయాజికిఁ బెదతండ్రి కుమారుఁడు. కాటమరాజుతోడి పోరునుండి యొకసారి మరలి యింటికి రాఁగా, భార్య చానమ్మ స్నానమునకు నులకమంచము చాటుపెట్టి పసుపుముద్ద యుంచెననియు, తల్లి ప్రోలమ్మ విఱిగిన పాలు వడ్డించెననియు, నతఁడు సిగ్గుపడి మరలిపోయి పోరాడి మడిసెననియు బరంపరగా వచ్చిన కథ. ఆ ఖడ్గ మతనిని మరలింపనులేదు, మరల నడపనులేదు. నడపినది యింటివారి యెత్తిపొడుపు. మందలింపును ఖడ్గరూపమే యన్న భీష్మవాక్యమున కింతకంటె నుదాహరణ మేల? పల్నాటి కారెంపూఁడిలో వీరులగుడియొద్ద నేఁటేఁటఁ గార్తికమాసమున జరుగు నుత్సవమున వీరుల యాయుధములకుఁ బూజ సేయుదురు. అచ్చట నాయుధమే వీరుఁడు. ఐనను బూజలందు నాయుధము వీరుని పేరనే పిలువఁబడును. తలఁచుకొని కన్నీరు పెట్టునది యినుమునకుఁ గాదు.

మా యోరుగంటి మాటయొకటి చెప్పి ముగింతును. ప్రతాపరుద్రుని యాస్థానమున విద్యానాథుఁడు ప్రతాపరుద్రీయమును రచించి, యలంకారము లన్నిఁటికిని రాజస్తుతియే యుదాహరణముగాఁ గూర్చెను. రాజపరాక్రమస్తుతిలోఁ గృపాణమున కెంత ప్రాణము పోయవచ్చునో యాలంకారికు లెఱుఁగుదురు. 1323లో నోరుగల్లు పడినది. ఢిల్లీకిఁ గొనిపోఁబడుచు నా రాజు నర్మదాతీరమున మరణించెనని విలసతామ్రశాసనము తెలుపుచున్నది. నాఁటినుండి నేఁటిదాఁకఁ జరిత్రకారులు సామంతులను జర్చించిరి, కోటను జర్చించిరి, రాజును జర్చించిరి. కృపాణమును దప్పుపట్టినవాఁ డొక్కఁడు లేఁడు. విజయమున ఖడ్గమునకుఁ గర్తృత్వ మిచ్చిన వివక్ష యపజయమున దానంతట నదియే తొలఁగినది.

కావున ఖడ్గమునకుఁ జైతన్యము కవిసమ్మతము, కర్తృత్వము వివక్షాధీనము, ఫలభోక్త ధరించువాఁడే. మా విద్యార్థులకు నేనిచ్చిన యుత్తరమిది. వారికిఁ బూర్తిగా నచ్చలేదు. స్టార్మ్ బ్రింగరే గెలుచునని యొకఁడు వీథిలోఁ బోవుచు ననుట నాకు వినఁబడినది. అతఁడు బాలుఁడు, ఆట కది చాలును. కాని బోధించు మనము 'కత్తి నఱకినది' యను వాక్యమును వివరించునపుడు, వాక్యమునుండి తొలఁగిన కర్త యెవ్వఁడని యొకసారి ప్రశ్నించుట మేలు. ప్రబంధములలో నాయుధమునకే నేరుగా డుఙ్ఙు చేర్చిన ప్రయోగ మేదేనిఁ బండితులు చూపుదురేని నా సిద్ధాంతమును సవరించుకొందును.