కళ్లములోని రాశి – కంపెనీలోని లాభము

ఈనాడు నేను మీకు డివిడెండును గూర్చి, అనగా కంపెనీలు తమ వాటాదారులకు పంచెడి లాభాంశమును గూర్చి, కొంత చరిత్ర మనవి చేయదలచితిని. మాట ఇంగ్లీషుదే గాని విషయము మనకు పరాయిది కాదు.

1852లో ధవళేశ్వరము ఆనకట్ట పూర్తియైన పిదప గోదావరి డెల్టాలో వరిపంట నిలకడ పొందెను. కుప్ప నూర్చి రాశి పోసినప్పుడు మన పూర్వులు దాని నంతయు తమదిగా నెంచలేదు. చాకలికి, మంగలికి, కమ్మరికి, వడ్రంగికి మేర కొలిచిరి. కౌలు భూమియైనచో మక్తా తీసిరి. రాబోవు సార్వాకు విత్తనము వేఱుగా దాచిరి. ఇవి పోగా మిగిలినదే ఇంటివారు అనుభవించునది. విత్తనపు గింజను వండుకొని తిన్నవానిని ఏ యూరివారును మెచ్చలేదు.

కంపెనీ లాభమును ఇట్టిదే. సరకు నమ్మిన సొమ్ములో ముడిసరకు వెల, పనివారి జీతములు, వడ్డీ, యంత్రముల యరుగుదల, పన్ను పోగా మిగిలినది లాభము. అందులో విత్తనముగా నిలుపుకొనునది నిలవనిధి. వాటాదారులకు పంచునది డివిడెండు. ఎంత నిలుపవలెను, ఎంత పంచవలెను అనునదే చిక్కు.

ఈ విషయమున ఆంధ్రుల చరిత్రలో అమృతాంజనము కథ తెలిసికొనదగినది. కృష్ణాజిల్లా యెలకుఱ్ఱులో 1867లో జన్మించిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయిలో ఆ లేపనపు వ్యాపారమును స్థాపించిరి. కర్పూరము, నీలగిరి తైలము వంటి మొక్కల సారములే దానికి ఆధారము. సంగీతసభలలో దానిని ఉచితముగా పంచి జనులకు వాడుక చేసిరి. లాభము పెరిగినకొలది ఆయన దానిని ఎట్లు వినియోగించిరో చూడుడు. 1908లో బొంబాయినుండి ఆంధ్రపత్రిక వారపత్రికగా వెలువడెను. 1914లో చెన్నపట్టణమున దినపత్రిక యయ్యెను. 1924లో భారతి మాసపత్రికయు, 1926లో ఆంధ్ర గ్రంథమాలయు వచ్చెను. గ్రంథాలయములకును, జాతీయోద్యమమునకును చేసిన దానములు వేఱు. చిన్న సీసా తెచ్చిన లాభములో చదువు నేర్చిన తెలుగువారందఱును పాలుపొందిరనవచ్చును. ఇందుకు ఆయనకు ఎవరి యనుమతియు అక్కరలేకపోయెను. వ్యాపారము ఆయనది, నష్టము వచ్చినను ఆయనదే.

1936లో అమృతాంజనము పబ్లిక్ లిమిటెడ్ కంపెనీ యయ్యెను. 1938 ఏప్రిల్ 11న పంతులుగారు దివంగతులైరి. వ్యాపారము కంపెనీ యైన పిదప ధర్మము కొంత మారును. అట్టి కంపెనీలో ఒక విధవరాలు తన స్త్రీధనముతో పది వాటాలు కొనియుండవచ్చును. ఆమెకు చెందవలసిన సొమ్మును తన కీర్తికై దానము చేయు హక్కు ఎంతటి దాతకును లేదు. అంతమాత్రమున కంపెనీకి ధర్మమే లేదనరాదు. 2013 నాటి కంపెనీల చట్టము ప్రకారము, ఏటికి 5 కోట్ల రూపాయల నికరలాభము మొదలైన హద్దులు దాటిన కంపెనీలు గడచిన మూడేండ్ల సగటు లాభములో నూటికి 2 వంతులు లోకహితమునకు వెచ్చింపవలెను. నాడు ఒకని మనస్సు కొలిచిన మేరను నేడు చట్టము కొలుచుచున్నది.

ఇక మన డెల్టాకు వత్తము. 1947 ఆగస్టు 11న, స్వాతంత్ర్యమునకు నాలుగు దినములు ముందు, తణుకులో ఆంధ్రా షుగర్స్ స్థాపింపబడెను. ముళ్ళపూడి హరిశ్చంద్రప్రసాదుగారు దాని స్థాపకులు. చెఱకుతో మొదలైన ఆ సంస్థ క్రమముగా ఆమ్లములు, ఆస్పిరిన్, రాకెట్ ఇంధనము వఱకు పోయినది. ఒక కర్మాగారము ప్రక్కన మఱియొకటి లేవవలెనన్న సొమ్ము అప్పుగా రావలెను, క్రొత్త వాటాల వలన రావలెను, లేదా పంచక నిలిపిన లాభమునుండి రావలెను. ఈ కడపటిదానికి పాత వాటాదారుల ఓర్పు కావలెను. పైగా చక్కెర మిల్లు ఏడాదిలో కొన్ని నెలలే యాడును. తుపాను వచ్చిన యేట చెఱకు తగ్గును. మంచి యేట అంతయు పంచివేసిన మిల్లు చెడ్డ యేట చెఱకు బాకీలు తీర్పజాలదు. కావున డివిడెండు వాటాదారుని విషయము మాత్రమే కాదు. ఒక్క వాటాయైనను లేని చెఱకు రైతు విషయము కూడ.

అట్లని నిలుపుటయే పుణ్యమనరాదు. గాదెలో ముక్కిన గింజ విత్తనమునకు పనికిరాదు. లాభమును పంచకయే, పనిలేని కట్టడములకును, స్వజనుల సంస్థలకు అప్పులకును పోగొట్టు డైరెక్టర్లు లోకములో లేకపోలేదు. నిలిపిన రూపాయి ఏమి పండించెనో అడుగుట వాటాదారుని విధి.

అడుగుటకు చట్టము తెలిసియుండవలెను. డివిడెండు లాభములోనుండియే యీయవలెను గాని మూలధనము నుండి యీయరాదు. సంవత్సరాంతపు డివిడెండును డైరెక్టర్లు సూచింతురు. సర్వసభ్యసభ దానిని తగ్గింపవచ్చును గాని సాధారణముగా పెంచజాలదు. ప్రకటించిన సొమ్ము 30 దినములలో చెల్లింపవలెను. ఏడేండ్లు ఎవరును తీసికొనని సొమ్ము కేంద్రప్రభుత్వపు నిధికి చేరును. హక్కుదారులు పత్రములు చూపి అక్కడనుండి దానిని కోరవచ్చును. మీ యిండ్ల పెట్టెలలో తండ్రితాతల నాటి వాటా కాగితములున్నచో వానిని పాత కాగితములని పాఱవేయకుడు.

మఱియొక మాట. నూటికి 50 వంతుల డివిడెండు అని విని మురియరాదు. ఆ లెక్క వాటా ముఖవిలువ మీదనే. ముఖవిలువ 10 రూపాయలైన, చేతికి వచ్చునది 5 రూపాయలు. ఆ వాటాను మీరు 500 రూపాయలకు కొనియున్నచో, మీకు గిట్టినది నూటికి ఒక్క రూపాయియే.

పంతులుగారు తన లాభమును తానే కొలిచి పంచిరి. కంపెనీలో ఆ కొలపాత్ర అనేకుల చేతిలో నున్నది. పట్టుకొనువారు నిదురించినచో అది మఱియొకరి చేతికి పోవును. మన పూర్వులు రాశి కొలుచునపుడు కళ్లము విడిచి పోలేదు. వాటాలు గలవారును కంపెనీ లెక్కలయెడ అట్లే మెలగవలెనని నా మనవి.