నిబంధన ఆరాధన

మెథడిస్టు క్రైస్తవులు ఏటా, ఎక్కువగా కొత్త సంవత్సరం మొదట్లో, తమ ఇష్టాన్ని దేవుని చిత్తానికి అప్పగించుకునే ఆరాధన. 1755 ఆగస్టు 11న లండన్‌లోని స్పిటల్‌ఫీల్డ్స్ ఫ్రెంచి చర్చిలో మెథడిస్టు ఉద్యమ స్థాపకుడు జాన్ వెస్లీ దీన్ని జరిపినప్పుడు సుమారు 1,800 మంది లేచి నిలబడి సమ్మతి తెలిపారు. ఈ ఆరాధన పాఠం వెస్లీ సొంతం కాదు. 17వ శతాబ్దపు ప్యూరిటన్ రిచర్డ్ ఆలైన్ పుస్తకంలోనిది. కలిమికీ లేమికీ సిద్ధపడటం ఏ భక్తిలోనైనా ఉన్నదే. ఇక్కడ విశ్వాసి దేవుడు పని అప్పగించినా, పక్కన కూర్చోబెట్టినా సరేనంటాడు. సేవ చేస్తానని మొక్కుకోవడం తేలికే. సేవ నుంచి తప్పించినా ఒప్పుకోవడమే కష్టం. తన ఇష్టం కాదు, తండ్రి చిత్తమే జరగాలని గెత్సేమనే తోటలో యేసు చేసిన ప్రార్థన దీనికి మూలాదర్శం.